ఎన్‌ఓసీ చేతికొస్తే కంపెనీ డేటా వాడుకోవచ్చా?

ప్రశ్న: పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో ఆరేళ్లుగా క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేస్తున్నాను. ఒక యూనివర్సిటీలో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ సీటు వచ్చింది. హెచ్‌పీఎల్‌సీతో (మిశ్రమాన్ని విడగొట్టి కొలిచే మెషీన్) మందుల్లోని ఇంప్యూరిటీలను (మలినాలను) పట్టుకునే పద్ధతులు నా అంశం. యూనివర్సిటీ ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) అడిగితే హెచ్‌ఆర్ వాళ్లు ‘మాకు అభ్యంతరం లేదు’ అని ఒక్క లైను రాసిచ్చారు. అది చాలదని యూనివర్సిటీ తిప్పి పంపింది. మా మేనేజర్ ‘నైట్ షిఫ్టులో మెషీన్ ఖాళీగానే ఉంటుంది, చేసుకోమ్మా, మన స్టెబిలిటీ డేటా కూడా వాడుకో, పేపర్లలో నా పేరు పెట్టు చాలు’ అంటున్నారు. ఫీజు కంపెనీయే కడుతుందట, కానీ డిగ్రీ వచ్చాక మూడేళ్లు ఉండాలని బాండు రాయమంటున్నారు. మధ్యలో ఉద్యోగం మారాల్సి వస్తే నా పరిశోధన ఏమవుతుంది? వేటికి ఒప్పుకోవాలి, వేటిని కాగితం మీద పెట్టించుకోవాలి?
– ఒక పాఠకురాలు, సంగారెడ్డి జిల్లా

జవాబు: మీ మేనేజర్ సాయం చేద్దామనే అన్నారనుకుందాం. అయినా ఆయన ఇస్తానన్న వాటిలో ఒక్కటీ ఆయన చేతిలో లేదు. మెషీన్ మీద ఏం నడవాలో చెప్పాల్సింది క్యూఏ, అంటే క్వాలిటీ అష్యూరెన్స్ విభాగం. స్టెబిలిటీ డేటా, అంటే మందు ఎన్నాళ్లు చెడకుండా ఉంటుందో చూసిన ఫలితాలు, కంపెనీది; ఒక్కోసారి కంపెనీది కూడా కాదు, కస్టమర్‌ది. పేపరు మీద పేరు పని చేసినవాళ్లకు దక్కుతుంది తప్ప అనుమతికి ప్రతిఫలంగా ఇచ్చేది కాదు. మీరు అడిగిన వాటిలో ఎన్‌ఓసీయే అన్నిటికన్నా తేలిక, ముందు దాని సంగతి చూద్దాం.

పీహెచ్‌డీకి ఇప్పుడు వర్తించేవి 2022 నవంబరులో యూజీసీ ప్రకటించిన నిబంధనలు. వాటి ప్రకారం పార్ట్‌టైమ్ అభ్యర్థి తెచ్చే ఎన్‌ఓసీలో మూడు మాటలు స్పష్టంగా ఉండాలి. పార్ట్‌టైమ్‌గా చదువుకోవడానికి అనుమతిస్తున్నాం అన్నది మొదటిది. పరిశోధనకు తగినంత సమయం పెట్టడానికి ఆమె ఉద్యోగ విధులు అడ్డు రావు అన్నది రెండోది. అవసరమైతే కోర్సువర్క్ పూర్తి చేయడానికి విధుల నుంచి రిలీవ్ చేస్తాం అన్నది మూడోది. ఈ మూడిట్లో ఏది లేకపోయినా యూనివర్సిటీ తిప్పి పంపుతుంది. ‘అభ్యంతరం లేదు’ అన్న ఒక్క లైనులో మొదటిది కూడా సగమే ఉంది.

హెచ్‌ఆర్ వాళ్లు జంకేది మూడో మాట దగ్గర. ‘రిలీవ్’ అనగానే జీతమిచ్చి నెలల తరబడి ఇంటికి పంపాలేమో అనుకుంటారు. నిబంధనలో జీతం ఊసే లేదు, పైగా ‘అవసరమైతే’ అనే ఉంది. వాళ్ల భయం పోవాలంటే అంకెలు చూపించాలి. కోర్సువర్క్‌కు కనీసం 12 క్రెడిట్లు కావాలి. ఒక్కో క్రెడిట్‌కు 15 గంటల తరగతులని లెక్కేస్తే 180 గంటలు. శనివారం ఆరు గంటల చొప్పున 30 శనివారాలు. మీ కంపెనీకి శనివారం పనిదినమైతే ఆ 30 వారాలకు వీక్లీ ఆఫ్‌ను శనివారానికి మార్చమని, లేదా ఆ రోజుల్లో మిమ్మల్ని నైట్ షిఫ్టు తర్వాత వదిలేయమని అడగండి. తరగతులు వారాంతాల్లో పెడతారా, ఒకేసారి బ్లాకుగా పెడతారా అన్నది డిపార్ట్‌మెంటును అడిగి, టైమ్‌టేబుల్ కాగితం ఎన్‌ఓసీ దరఖాస్తుకు జతచేయండి. కోర్సువర్క్ అయ్యాక కూడా ప్రతి సెమిస్టరూ రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు ప్రజెంటేషన్ ఇవ్వాలి, అంటే ఏడాదికి కనీసం రెండు పనిదినాలు. అదీ ఇప్పుడే చెప్పేయండి.

సంతకం హెచ్‌ఆర్ హెడ్‌ది గానీ ప్లాంట్ హెడ్‌ది గానీ ఉండాలి, అంటే కంపెనీ తరఫున సంతకం పెట్టే అధికారం ఉన్నవాళ్లది. లెటర్‌హెడ్, తేదీ, మీ ఎంప్లాయీ నంబరు, చేరిన తేదీ, హోదా, యూనివర్సిటీ పేరు అన్నీ ఉండాలి. మేనేజర్ పంపిన మెయిల్ ఎన్‌ఓసీ కాదు. ఒకసారి మీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చూడండి. రాతపూర్వక అనుమతి లేకుండా వేరే పని గానీ చదువు గానీ చేయకూడదనే షరతు చాలా కంపెనీల లెటర్లలో ఉంటుంది. ఎన్‌ఓసీ రాకముందే తరగతులకు వెళ్లడం మొదలుపెడితే, తర్వాత ఎప్పుడో ఏదో గొడవలో అదే మీ మీద మొదటి అభియోగం అవుతుంది.

గడువు సంగతి క్లుప్తంగా. అడ్మిషన్ నుంచి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్ చేయించుకుంటే మరో రెండేళ్లు. మహిళలకు ఇంకో రెండేళ్ల సడలింపు ఉంది, మొత్తం పదేళ్లు దాటకూడదు. ప్రసూతి లేదా శిశు సంరక్షణ సెలవు మొత్తం కాలంలో 240 రోజుల వరకు తీసుకోవచ్చు. షిఫ్టు ఉద్యోగంతో చదివేవాళ్లకు ఆరేళ్లు ఇట్టే గడిచిపోతాయి, పొడిగింపును లెక్కలో వేసుకోకుండా ప్లాన్ చేసుకోండి.

ఇక అసలు సంగతి. ఎన్‌ఓసీ మీ సమయం గురించిన కాగితం. మీ థీసిస్‌లోకి కంపెనీది ఏం వెళ్లవచ్చో అందులో ఒక్క ముక్క ఉండదు. దానికి వేరే కాగితం కావాలి. చాలామంది ఎన్‌ఓసీ రాగానే రెండూ వచ్చేశాయనుకుంటారు. నాలుగేళ్ల తర్వాత, థీసిస్ బైండింగ్‌కు వెళ్లే ముందు, లీగల్ విభాగం నుంచి మెయిల్ వస్తుంది. అప్పటికి రెండు చాప్టర్లు తీసేస్తే మిగిలేది థీసిస్ కాదు.

ముందు మెషీన్ సంగతి. నైట్ షిఫ్టులో క్యూసీ (క్వాలిటీ కంట్రోల్) హెచ్‌పీఎల్‌సీ మీద థీసిస్ శాంపిల్స్ నడపడానికి ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోకండి. మీకు తెలిసే ఉంటుంది, ప్రతి ఇంజెక్షన్, అంటే మెషీన్‌లోకి శాంపిల్ ఎక్కించిన ప్రతిసారీ, మీ లాగిన్‌తో, టైముతో సహా ఆడిట్ ట్రెయిల్‌లో (సాఫ్ట్‌వేర్ దానంతటదే రాసుకునే చిట్టాలో) పడుతుంది. చెరిపేయడానికి వీల్లేదు, చెరిపితే అది ఇంకా పెద్ద నేరం. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లు మొదట వెతికేది ఏ ఏఆర్ నంబరుకూ (శాంపిల్‌కు ఇచ్చే పరీక్ష నంబరు), ఏ ప్రోటోకాల్‌కూ (ముందే ఆమోదించిన పరీక్షా ప్రణాళిక) ముడిపడని ఇంజెక్షన్లనే. అమెరికా ఎఫ్‌డీఏ వార్నింగ్ లెటర్లలో ‘ట్రయల్ ఇంజెక్షన్ల’ గొడవ ఎన్నిసార్లు వచ్చిందో క్యూసీలో పనిచేసేవాళ్లకు చెప్పనక్కర్లేదు. అవి నా పీహెచ్‌డీవి అని మీరు చెప్పినా, పాసయ్యే ఫలితం కోసం దొంగచాటుగా ముందే నడిపి చూశారనే ఇన్‌స్పెక్టర్ అనుకుంటారు. ఆ అబ్జర్వేషన్ మీ మీద కాదు, సైట్ మీద పడుతుంది. అప్పుడు మీ మేనేజర్ ‘నేనే చేసుకోమన్నాను’ అని ముందుకొస్తారా అన్నది మీరే ఆలోచించండి.

అలాగే వర్కింగ్ స్టాండర్డులు, అంటే పోల్చి చూడటానికి వాడే ప్రామాణిక నమూనాలు. క్యూసీ నుంచి ఇష్యూ అయ్యే ప్రతి మిల్లీగ్రాముకూ రికన్సిలియేషన్ (లెక్క సరిచూడటం) ఉంటుంది. థీసిస్ కోసం ఐదు మిల్లీగ్రాములు పక్కన పెట్టినా లెక్క తేలదు. రిటెన్షన్ శాంపిల్స్ (ప్రతి బ్యాచ్ నుంచి దాచిపెట్టే నమూనాలు) అయితే అసలు ముట్టుకోకూడదు.

చేయదగిన దారులు మూడు. మొదటిది, ఆర్ అండ్ డీ ల్యాబ్‌లో క్యూసీతో సంబంధం లేని మెషీన్ మీద, క్యూఏ ఆమోదించిన ప్రోటోకాల్ నంబరుతో, సాఫ్ట్‌వేర్‌లో వేరే ప్రాజెక్ట్ ఫోల్డరుతో, లాగ్‌బుక్‌లో ఎంట్రీతో నడపడం. రెండోది యూనివర్సిటీ పరికరం. మూడోది గంటకింతని డబ్బు కట్టి బయటి ల్యాబ్‌లో చేయించుకోవడం. మొదటి దారికి అడిగేటప్పుడు ‘కొంచెం మెషీన్ టైమ్’ అని అడిగితే కాదనడం తేలిక. గంటలు చెప్పండి. పద్ధతి నమ్మదగినదని చూపించే పరీక్షల్లో లీనియారిటీకి కనీసం ఐదు స్థాయులు, యాక్యురసీకి మూడు స్థాయుల్లో మూడేసి చొప్పున తొమ్మిది, రిపీటబిలిటీకి ఆరు, ఇంటర్మీడియట్ ప్రెసిషన్‌కు మరో ఆరు, ఫోర్స్‌డ్ డిగ్రడేషన్ (మందును కావాలని చెడగొట్టి చూడటం), రోబస్ట్‌నెస్... మధ్యలో బ్లాంకులు, స్టాండర్డులు కలుపుకుంటే ఒక్క పద్ధతికే వంద ఇంజెక్షన్లు తేలిగ్గా అవుతాయి. రన్ టైమ్ 40 నిమిషాలైతే 66 గంటల పైమాటే. పద్ధతిని తయారుచేసే దశలో పట్టే కాలం ఇందులో లేదు. థీసిస్‌లో మూడు మందులుంటే ఎంతవుతుందో లెక్కేసి ఆ అంకె రాయండి. కాలమ్ (మెషీన్‌లో శాంపిల్‌ను విడగొట్టే గొట్టం) మాత్రం మీ డబ్బుతోనే కొనుక్కోండి. మామూలు 250 మిల్లీమీటర్ల సీ18 కాలమే అయినా సరే, కంపెనీ కాలమ్ లాగ్‌లో మీ మందు పేరు పడకూడదు.

తర్వాత డేటా. కంపెనీ స్టెబిలిటీ డేటాను, అంటే 40 డిగ్రీలు, 75 శాతం తేమ దగ్గర ఆరు నెలలు పెట్టి తీసిన ఫలితాలను థీసిస్‌లో పెట్టుకోమన్న సలహా చూడటానికి బంగారంలా ఉంటుంది. మూడేళ్ల పని ముందే అయిపోయినట్టు. అందులో చిక్కులు వరసగా ఉన్నాయి. మీ కంపెనీ ఆ మందును ఇంకొకరి కోసం కాంట్రాక్టు మీద తయారుచేస్తుంటే డేటా ఆ కస్టమర్‌ది. రహస్య ఒప్పందం ఉన్నప్పుడు మీ కంపెనీ ఎండీ సంతకం పెట్టినా అనుమతి చెల్లదు. కంపెనీదే అయినా, ఆ పద్ధతి డ్రగ్ మాస్టర్ ఫైల్లోనో (తయారీ వివరాలతో ఔషధ నియంత్రణ సంస్థకు ఇచ్చే ఫైలు), అనుమతి దరఖాస్తులోనో వెళ్లి ఉంటే అది గోప్యంగా ఇచ్చిన సమాచారం.

ఇంప్యూరిటీల్లో రెండు రకాలను విడిగా చూడాలి. డిగ్రడేషన్ ఇంప్యూరిటీలు ఆ మందు అణువు నుంచే పుడతాయి. ఎవరు తయారుచేసినా, యాసిడ్‌లోనో పెరాక్సైడ్‌లోనో పెడితే అవే వస్తాయి. వాటిని ప్రచురిస్తే కంపెనీకి పెద్దగా పోయేదేమీ ఉండదు. ప్రాసెస్ ఇంప్యూరిటీలు అలా కాదు. ఏ ఇంటర్మీడియట్ మిగిలిందో, ఏ సాల్వెంట్, ఏ రీజెంట్ వాడారో వాటిలో కనబడిపోతుంది. తాలింపు వాసన చూసి ఏ నూనె వాడారో చెప్పేసేవాళ్లుంటారు కదా, పోటీ కంపెనీ కెమిస్టులకు ప్రాసెస్ ఇంప్యూరిటీల జాబితా అలాంటిది. సింథసిస్ రూట్, అంటే మందు తయారుచేసే దారి, బయటపడుతుంది. మీ సినాప్సిస్‌లో (పరిశోధన సారాంశంలో) ‘ప్రాసెస్ రిలేటెడ్ ఇంప్యూరిటీస్’ అన్న మాట ఉంటే, కంపెనీ కాదనడానికి అదొక్కటి చాలు. నైట్రోసమైన్ల (క్యాన్సర్ కారకాలు కాగల మలినాలు) జోలికి అసలే వెళ్లకండి. 2018లో వల్సార్టాన్ అనే బీపీ మందులో అవి బయటపడి గొడవ వచ్చినప్పటి నుంచీ ఆ పేరు వింటేనే ప్రతి క్యూఏ విభాగం ఉలిక్కిపడుతుంది.

ఇంకో చిక్కు ఉంది, దీని గురించి గైడ్‌లు కూడా పెద్దగా ఆలోచించరు. కంపెనీ అసలు బ్యాచ్ మీద మీరు కొత్త పద్ధతి నడిపారనుకుందాం. పాత పద్ధతిలో కనబడని పీక్ (ఒక పదార్థం ఉందని చూపే గ్రాఫు శిఖరం) ఒకటి 0.14 శాతం దగ్గర బయటపడింది. రోజుకు రెండు గ్రాముల లోపు డోసు ఉండే ఏపీఐకి (మందులోని అసలు పదార్థానికి) ఐసీహెచ్ అనే అంతర్జాతీయ సంస్థ ఔషధ మార్గదర్శకాల ప్రకారం గుర్తించాల్సిన పరిమితి 0.10 శాతం లేదా రోజుకు 1 మిల్లీగ్రాము, ఏది తక్కువైతే అది. మీకు అది థీసిస్‌లో మంచి ఫలితం, కంపెనీకి మార్కెట్‌లో ఉన్న బ్యాచ్ మీద విచారణ. మీరు చెప్పకపోతే తెలిసీ దాచినవాళ్లవుతారు, చెబితే మీ థీసిస్ విచారణ ఫైల్లోకి చేరుతుంది. క్యూఏ వాళ్లు వద్దంటే అసూయతో కాదు, ఇందుకే.

అందుకని మా సలహా సూటిగా: కంపెనీ బ్యాచ్‌లు, కంపెనీ స్టెబిలిటీ డేటా రెండూ వదిలేయండి. పేటెంట్ గడువు తీరిన, ఫార్మకోపియాలో (మందుల ప్రమాణాల గ్రంథం) మోనోగ్రాఫ్ ఉన్న, మీ కంపెనీ తయారీలోగానీ పైప్‌లైన్‌లోగానీ లేని మందును ఎంచుకోండి. టాబ్లెట్లు మందుల షాపులో బిల్లుతో కొనండి, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ రాసి పెట్టుకోండి. స్వచ్ఛమైన ఏపీఐ వేరే కంపెనీ గిఫ్ట్ శాంపిల్‌గా ఇస్తే బ్యాచ్ నంబరు, సీఓఏ (పరీక్ష ఫలితాల సర్టిఫికెట్) ఉన్న లేఖతో తీసుకోండి. యాసిడ్, బేస్, పెరాక్సైడ్, వేడి, వెలుతురు ఈ ఐదింటిలో 5 నుంచి 20 శాతం వరకు విరిగేలా డిగ్రడేషన్ చేస్తే స్టెబిలిటీని చూపే పద్ధతి మీ సొంతంగా తయారవుతుంది. ఇంప్యూరిటీ స్టాండర్డులే ఖరీదు, కొన్ని మిల్లీగ్రాములకే వేలల్లో అడుగుతారు. బడ్జెట్ పెట్టేటప్పుడు సాల్వెంట్ల కంటే ముందు వాటి కొటేషన్ తెప్పించుకోండి. ఈ దారి నెమ్మదే, కానీ ఇందులో మీకు ఎవరి అనుమతితోనూ పనిలేని చాప్టర్లు చేతిలో ఉంటాయి.

అయినా కంపెనీ నుంచి ఏదో ఒకటి తీసుకోక తప్పదు, కనీసం ఆర్ అండ్ డీ మెషీన్ టైమైనా. దానికి రెండో కాగితం ఇలా ఉండాలి. ఇంగ్లిష్‌లో రాయించుకోండి, సారం ఇది: ‘ఫలానా అంశంపై పరిశోధన చేస్తున్న ఈ ఉద్యోగిని, జతచేసిన జాబితాలోని మందులపై, ఫలానా ల్యాబ్‌లోని ఫలానా పరికరాన్ని ఏడాదికి ఇన్ని గంటల వరకు వాడుకోవచ్చు. అలా వచ్చిన ఫలితాలను థీసిస్‌లోనూ పత్రికల్లోనూ ప్రచురించుకోవచ్చు. థీసిస్ ఆన్‌లైన్‌లో అందరికీ అందుబాటులో ఉంటుందని కంపెనీకి తెలుసు. కంపెనీకి సంబంధించిన సమాచారం ఉన్న చాప్టర్లను ముందుగా పంపితే 30 రోజుల్లో అభ్యంతరాలు చెబుతాం, చెప్పకపోతే అనుమతించినట్టే. ఉద్యోగం మానేసినా ఈ అనుమతి కొనసాగుతుంది.’ జాబితాలో మందుల పేర్లు, పరికరం ఐడీ స్పష్టంగా ఉండాలి. ‘చెప్పకపోతే అనుమతించినట్టే’ దగ్గర లీగల్ వాళ్లు మొరాయిస్తారు. అప్పుడు 45 రోజులకు ఒప్పుకుని, జవాబు రాకపోతే ఎవరి దగ్గరికి వెళ్లాలో ఆ హోదాను రాయించుకోండి. చివరి రెండు వాక్యాల్లో మొదటిది వదులుకున్నా పర్వాలేదు గానీ, ‘ఉద్యోగం మానేసినా’ అన్నది మాత్రం వదలకండి.

చాప్టర్లు అన్నీ పూర్తయ్యాక ఒకేసారి పంపడం పెద్ద పొరపాటు. 250 పేజీల ఫైలు ఎవరూ చదవరు, పక్కన పెడతారు, ప్రీ-సబ్మిషన్ సెమినార్ తేదీ దాటిపోతుంది. ప్రతి చాప్టరూ అయినప్పుడల్లా పంపి, ‘అభ్యంతరం లేదు’ అన్న జవాబును పీడీఎఫ్‌గా దాచుకోండి.

ఆన్‌లైన్ అన్నాం కదా, దాని సంగతి. డిగ్రీ ప్రకటించే ముందే యూనివర్సిటీ మీ థీసిస్ ఎలక్ట్రానిక్ ప్రతిని ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కు (యూనివర్సిటీ లైబ్రరీలను కలిపే యూజీసీ కేంద్రం) పంపాలి. అక్కడి నుంచి అది షోధ్‌గంగ అనే థీసిస్‌ల వెబ్‌సైట్‌లోకి వెళ్తుంది, ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. వైవా కూడా మూసిన తలుపుల వెనక జరగదు, అధ్యాపకులు, ఇతర స్కాలర్లు వచ్చి కూర్చుంటారు. ‘ఎవరు చదువుతారు లెండి’ అని మీ మేనేజర్ అంటే, పోటీ కంపెనీల వాళ్లు షోధ్‌గంగలో కూడా వెతకొచ్చని చెప్పండి. మీరు కనిపెట్టిన దాంట్లో పేటెంట్‌కు పనికొచ్చేది ఉందని కంపెనీ అనుకుంటే, దరఖాస్తు సినాప్సిస్ సెమినార్‌కు ముందే పడాలి. ప్రొవిజనల్ దాఖలు చేస్తే పూర్తి స్పెసిఫికేషన్‌కు 12 నెలలు గడువుంటుంది, ఆలోగా మీరు థీసిస్ ఇచ్చుకోవచ్చు. విద్వత్సభలో చదివిన పేపరుకు మన పేటెంట్ చట్టం సెక్షన్ 31 కింద 12 నెలల వెసులుబాటు ఉన్నా, థీసిస్‌ను నెట్‌లో పెట్టడం దానికిందికి రాదు. యూరప్‌లో ఆ వెసులుబాటు కూడా లేదు. యూనివర్సిటీకి సొంత పేటెంట్ విధానం ఉందేమో చూడండి. అక్కడ స్కాలర్ ఆవిష్కరణ యూనివర్సిటీదని, మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో కంపెనీదని ఉంటే, రెండు వైపులా సంతకం పెట్టినవారు మీరే. సీటు తీసుకునే ముందే రెండిటినీ పక్కపక్కన పెట్టి చదివించుకోండి.

థీసిస్ రాత మీది. కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం ఉద్యోగంలో భాగంగా రాసినదానికే యజమాని హక్కుదారు అవుతాడు. మీ వ్యాలిడేషన్ రిపోర్టులు ఆ కోవలోకి వస్తాయి. వాటిలోంచి పేరాలు ఎత్తి థీసిస్‌లో పెడితే రెండు రకాలుగా చిక్కు: అది కంపెనీ రాత, పైగా ఐసీహెచ్ వాక్యాలు అందరి థీసిస్‌లలో ఉన్నట్టే మీదాంట్లోనూ ఉండి సిమిలారిటీ (ఇతర రచనలతో పోలిక శాతం) పెరుగుతుంది. యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం దాకా పర్వాలేదు. 10 నుంచి 40 మధ్య ఉంటే ఆరు నెలల్లోపు సరిచేసి మళ్లీ ఇవ్వాలి, 40 నుంచి 60 అయితే ఏడాది ఆగాలి, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ‘లీనియారిటీ అంటే...’ అని మొదలయ్యే నిర్వచనాలను మీ మాటల్లో రాసుకోండి. లైబ్రరీలో చెక్ చేయించేటప్పుడు ఫైలును సాఫ్ట్‌వేర్ రిపాజిటరీలో నిల్వ చేయకుండా నడపమని అడగండి. లేకపోతే రెండోసారి చెక్ చేసినప్పుడు మీ డ్రాఫ్టే మీకు వంద శాతం కాపీగా తగులుతుంది.

మేనేజర్ పేరు సంగతి కొంచెం ఇబ్బందికరమైనదే. ఆయన ప్రోటోకాల్ రూపొందించడంలోనో, ఫలితాలను విశ్లేషించడంలోనో నిజంగా చేయి వేసి, తుది ప్రతిని చదివి బాధ్యత తీసుకుంటే పేరు పెట్టండి, అది న్యాయం. మెషీన్ ఇప్పించినందుకైతే కృతజ్ఞతల్లో రాయాలి. ఇది మీరే చెప్పాల్సిన పని లేదు. ‘మా గైడ్ గారు ప్రతి పేపరుకీ ఎవరేం చేశారో రాసి ఇవ్వమంటున్నారు సార్’ అని ఆ ఫారం ఆయన ముందు పెట్టండి. కోర్సువర్క్‌లో రీసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్ అనే పేపరు తప్పనిసరి కాబట్టి గైడ్ గారికీ ఆ మాట అనడానికి ఇబ్బంది ఉండదు. మీ మేనేజర్‌కు నిజంగా ఆసక్తి ఉంటే యూనివర్సిటీ ఒప్పుకుంటే కో-సూపర్‌వైజర్‌గా రావచ్చు, అప్పుడు ఆయన పేరుకు ఒక లెక్క ఉంటుంది.

ఇది చదివే మిగతా ఉద్యోగులకు రెండు మాటలు. సొంత కంపెనీలో సర్వే చేసే ఎంబీఏ, హెచ్‌ఆర్ పరిశోధకులకు మెషీన్ గొడవ ఉండదు గానీ మనుషుల గొడవ ఉంటుంది. పేర్లు తీసేసినా, 12 మంది ఉన్న విభాగంలో ‘45 ఏళ్ల మహిళా సూపర్‌వైజర్’ అని రాస్తే ఎవరో అందరికీ తెలిసిపోతుంది. మీ కింద పనిచేసేవాళ్లను మీరే ఇంటర్వ్యూ చేస్తే వాళ్లు కాదనలేరు, కాబట్టి ఆ విభాగాన్ని వదిలి వేరే విభాగాన్ని తీసుకోండి. యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ అనుమతి డేటా సేకరణకు ముందే తీసుకోవాలి, తర్వాత ఇవ్వరు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఐదేళ్ల సర్వీసు తర్వాత స్టడీ లీవు ఉంది, మామూలుగా ఒక్కసారికి 12 నెలలు, మొత్తం సర్వీసులో 24 నెలలు. కానీ అదీ బాండుతోనే వస్తుంది.

బాండు అన్నాక, మీదాని సంగతికొద్దాం. ‘డిగ్రీ వచ్చాక మూడేళ్లు’ అన్న షరతుకు ఒప్పుకోకండి. పీహెచ్‌డీకి ఆరేళ్లు పట్టిందంటే ఆ మూడేళ్లు కలుపుకుని తొమ్మిదేళ్లు కట్టుబడినట్టు. ఫీజు మొదటి ఏడాదే కట్టేసి ఉంటారు, గడియారం మాత్రం ఆరేళ్ల తర్వాత మొదలవుతుంది. ప్రతి చెల్లింపు తేదీ నుంచీ ఆ మొత్తానికి మాత్రమే మూడేళ్లు అని మార్పించుకోండి. ఏడాదికి మూడోవంతు చొప్పున తగ్గాలి. ఉదాహరణకు కంపెనీ ఒక ఏడాది 60,000 కడితే, రెండేళ్లు ఉండి మానేసిన రోజున మీరు కట్టాల్సింది 20,000. కంపెనీయే తీసేస్తే ఏమీ కట్టనక్కర్లేదన్న మాటా ఉండాలి. బాండులు చెల్లవు అని ధీమాగా చెప్పేవాళ్ల మాట నమ్మకండి. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతును సుప్రీంకోర్టు సమర్థించింది. అది నియామకం బాండే అయినా తర్కం మీదాకా వస్తుంది. మరోవైపు, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం కంపెనీకి దక్కేది సహేతుకమైన పరిహారమే, కాబట్టి 60,000 ఫీజుకు ఐదు లక్షల బాండు అడిగితే బేరమాడే హక్కు మీకుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఖాళీ చెక్కులు మాత్రం ఎవరికీ ఇవ్వకండి. ఫీజు మీరే కట్టుకోగలిగితే ఈ తలనొప్పే లేదు. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో ఫీజు కంటే ఖరీదైనవి మెషీన్ గంటలు, మీకు కంపెనీ నుంచి నిజంగా కావాల్సింది అవే.

చివరిగా ఉద్యోగం మారడం. కొత్త కంపెనీ నుంచి మళ్లీ ఎన్‌ఓసీ ఇవ్వాలి, యూనివర్సిటీకి రాతపూర్వకంగా తెలపాలి. రాజీనామా ఇచ్చే ముందు, అనుమతించిన ఫలితాల క్రోమాటోగ్రామ్‌లు (మెషీన్ ఇచ్చే గ్రాఫులు), రా డేటా కాపీలు డాక్యుమెంట్ కంట్రోల్ ద్వారా ముద్ర వేయించి తీసుకోండి. రిలీవింగ్ రోజున మెయిల్ ఆగిపోతుంది, ఆ తర్వాత ఒక్క పేజీ కూడా రాదు. మొదటి నుంచీ థీసిస్ రాత సొంత ల్యాప్‌టాప్‌లోనే సాగాలి, కంపెనీ ల్యాప్‌టాప్‌లో ఉంటే చివరి రోజున దాంతోపాటే అప్పగించాల్సి వస్తుంది. అలాగని కంపెనీ డేటాను మీ జీమెయిల్‌కు మీరే పంపుకోకండి, ఐటీ సిస్టమ్ దాన్ని లీక్‌గానే చూస్తుంది. అనుమతి ఉన్న ఫైళ్లను సంబంధిత విభాగమే మీకు పంపేలా చూసుకోండి. కొత్త కంపెనీ మీ థీసిస్‌లోని మందునే తయారుచేస్తుంటే, చేరాక తెలిసి గొడవ పడటం కంటే ఆఫర్ దశలోనే మెయిల్ రాసి జవాబు తీసుకోండి. ఆ జవాబు కాపీ మీ గైడ్ గారి ఫైల్లో కూడా ఒకటి ఉండాలి.